సున్నం మీద మచ్చ

నేను అతికిన నీళ్ల ట్యాంకు ఒక్కటి కూడా ఇంతవరకు కారలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానంటారా, చెప్పుకుంటున్నాను. ఇన్నేళ్లు మంట ముందు కూర్చున్నవాడికి ఆ మాత్రం హక్కు లేకపోతే ఎలా? ఇప్పటికీ రోడ్డు మీద ట్రాక్టరు వెనక నీళ్ల ట్యాంకు కనబడితే చాలు, వంగి దాని అడుగు చూస్తాను. అడుగు తడిగా ఉంటే అది నా పని కాదు. "నడువుండ్రి, మనం పెండ్లికి పోతున్నం, ట్యాంకులు సూడనీకి గాదు" అని మా ఇంటామె చెయ్యి పట్టి లాగుతుంది.

అలాంటి నాకు మొదటి ట్యాంకు దగ్గరే పరువు పోయినంత పనైంది. పోగొట్టబోయింది మా నాయిన, నిలబెట్టిందీ ఆయనే. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా ఇంట్లో ఉన్న గుంట గురించి చెప్పాలి.

మాది దుబ్బాక. చేనేత ఇల్లు. నాయిన గుంటమగ్గం మీద తువ్వాలలు, నూలు చీరలు నేసేవాడు. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్లు జారవిడిచి గట్టు మీద కూర్చుని, కింద కర్రలు తొక్కుతూ పైన అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఆడించాలి. నేను పదో తరగతి తప్పగానే నాయిన తన గుంట పక్కనే నా కోసం ఇంకో గుంట తవ్వాడు. చుట్టూ రాళ్లు పేర్చి, మట్టి మెత్తి, మా అమ్మ చేత, మేము అవ్వ అంటాం, ఎర్రమన్నుతో అలికించాడు. మా ఇళ్లలో కొడుక్కి గుంట తవ్వడం చిన్న విషయం కాదు. ఇదిగో నీ బతుకు, ఇక్కడ కూర్చో అని చూపించడం అది.

కూర్చున్నాను. ఆ వానాకాలమంతా కూర్చున్నాను. కానీ నాకు ముక్కు మీదే కోపం. పోగు తెగితే అతకడం నాకు చిన్నప్పటి నుంచే వచ్చు, కాకపోతే అతికీ అతకగానే ఇంకోటి తెగితే నాడె విసిరికొట్టేవాణ్ని. ఆ నాడె ఒకసారి పోయి అవ్వ కాగుకు తగిలింది. నాయిన తిట్టేవాడు కాదు. నేసిన తువ్వాలను చేతిలోకి తీసుకుని, కళ్లతో చూడకుండా, అంచు మీద రెండు వేళ్లు ఆనించి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా జరిపేవాడు. ఆయన మెచ్చుకోలు ఒకే ఒక్క మాట. "అంచు కుదిరింది" అనేవాడు. అది కూడా ఎప్పుడో, ఎవరికో. నా తువ్వాలకు ఆ మాట ఎన్నడూ రాలేదు. వేళ్లు జరిపి, పక్కన పెట్టి, తన పని చూసుకునేవాడు. తిట్టినా బాగుండేది.

ఎనభైల చివరి ఏళ్లవి. తువ్వాలలు అమ్మడానికి నాయినతో సిద్దిపేట అంగడికి వెళ్లినప్పుడు మెదక్ రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో నీలం మంట చూశాను. "అటు సూడకు, కండ్లు పోతయి" అన్నాడు నాయిన. చూడొద్దంటే చూడకుండా ఉండే రకం కాదు నేను. విరిగిన ట్రాలీ కొక్కెం రెండు ముక్కలు ఆ మంట కింద ఒక్కటైపోయాయి. తెగినదాన్ని ఒకసారి అతికితే మళ్లీ తెగని పని ఒకటి ఈ లోకంలో ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికి పోయేసరికి కళ్లలో ఇసుక పోసినట్టయింది. అవ్వ ఆలుగడ్డ ముక్కలు కోసి రెప్పల మీద పెట్టింది. ఆ ముక్కల కింద నుంచే చెప్పాను, నేను ఆ పని నేర్చుకుంటానని.

నాయిన అన్నాడు: "సరే, పో. రెండో ఉగాది దాక సూస్త. గప్పటికి నీ చేతికి పనొచ్చిందని నా కండ్లతోని నేను సూడాలె. లేకుంటే మారు మాట్లాడకుండ వచ్చి గుంటల కూసో." సరేనన్నాను. నా గుంట మీద పలకలు పరిచి మూసి పెట్టాడు.

షెడ్డు యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు. ముస్లిం పెద్దమనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం, మోచేతుల దాకా నిప్పురవ్వలు కాల్చిన చుక్కలు. ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు, కోపం వస్తే రెండూ. నాయిన నన్ను తీసుకుపోయి ముందు నిలబెడితే ఆయన ముందుగా నా వేళ్లు చూశాడు.

"వేళ్లు మంచిగున్నయి. కోపమున్నదా?" అని నాయినను అడిగాడు.

"బగ్గ ఉన్నది సాబ్" అన్నాడు నాయిన, దాచకుండా.

"ఉండనియ్యి. ఇనుము ముందల ఎవ్వని కోపం నడువదు" అన్నాడు ఉస్తాద్.

షెడ్డులో మేము ముగ్గురమే. ఉస్తాద్, కొండపాక నుంచి రోజూ సైకిలు మీద వచ్చే పెద్ద పనివాడు, నేను. పెద్ద పనివాణ్ని నేను అన్నా అనేవాణ్ని. మంచివాడే కానీ నోటికి తాళం లేదు. వెనక గోడకు ఒక పలక, ఆ పలకకు వరసగా మేకులు. వెల్డింగ్ కడ్డీని పట్టుకునే హోల్డరు ఎవరిది వారు సాయంత్రం తమ మేకుకు తగిలించాలి. ఒకటి ఉస్తాద్‌ది, ఒకటి అన్నది. మిగతావి ఖాళీ. నేర్చుకుని వెళ్లి వేరే ఊళ్లలో షాపులు పెట్టుకున్నవాళ్ల మేకులవి. ఉస్తాద్ వాటిని పీకడు, వేరేవాళ్లకు ఇవ్వడు. "ఆ జాగ గాళ్లది" అనేవాడు. నేర్చుకునేవాడికి మేకు ఉండదు. వాడికిచ్చిన పాత హోల్డరు మెషీను చక్రానికి వేలాడాల్సిందే. సొంతంగా ఒక నీళ్ల ట్యాంకు అతికి, అది పరీక్షలో నిలిస్తే ఉస్తాద్ తన చేత్తో మేకు కొడతాడు. అది అక్కడి ఆనవాయితీ. నా చూపు పొద్దున లేస్తే ఆ పలక మీదే.

మొదట్లో ఊడ్చాను, యాంగ్లర్లనే ఇనుప బద్దలు మోశాను, అతుకు మీద గట్టిపడిన నల్ల పెంకును సుత్తెతో కొట్టి రాల్చాను. తర్వాత కడ్డీ చేతికిచ్చారు. ఇనుముకు తాకించి వెంటనే వెంట్రుకవాసి ఎత్తాలి, అప్పుడే మంట నిలుస్తుంది. నేను తాకించగానే అది అంటుకుపోయేది. లాగితే రాదు. మెషీను గుర్రుమనేది. "దానికి నీ మీద పానం వడ్డది తమ్మీ, ఇడుస్తలేదు" అనేవాడు అన్న. నాకు ఒళ్లు మండేది. దానికి తోడు పొలాల్లో మోటర్లు వేయగానే కరెంటు సన్నబడి మంట కొడిగట్టేది. కోపం ఎవరి మీద చూపాలో తెలియక చిత్తు ముక్కల మీద చూపాను. కాల్చి, కాల్చి, కాల్చి, చివరికి కడ్డీ మాట వింది. మొదటి ఉగాది అయ్యేసరికి గేట్లకు కమ్మీలు అతుకుతున్నాను. నా అతుకు సన్నగా, వరసగా వచ్చేది. ఇంక నాకేం తక్కువ అనుకున్నాను.

అప్పుడొచ్చింది విత్తనాల గోదాము తలుపు. యాంగ్లర్ చట్రం, దాని మీద పెద్ద రేకు. ఉస్తాద్ అక్కడక్కడ చుక్క అతుకులతో టాకాలు వేసి రేకును నిలబెట్టి, "అతుకుతుండు, నమాజుకు పోయొస్త" అని వెళ్లాడు. నేను ఒక మూల నుంచి మొదలుపెట్టి, కడ్డీ అయిపోతే ఇంకోటి, అది అయిపోతే ఇంకోటి, ఎక్కడా ఆగకుండా ఆ మూల దాకా కొట్టుకుంటూ పోయాను. పెంకు రాల్చి చూసుకుంటే అతుకు తాడు పేని పెట్టినట్టు ఉంది. మురిసిపోయాను. ఆ మురిపెం చల్లారకముందే రేకు టప్పుమంది. ఇంకోసారి టప్పుమంది. నా కళ్ల ముందే ఉబ్బి, మెలి తిరిగి, తలుపు ఒక మూల నేల మీద నుంచి లేచి నిలబడింది.

అన్న వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "అప్పడం మంచిగ పొంగింది తమ్మీ. నూనె ఎంత వోసినవ్?"

ఉస్తాద్ వచ్చేసరికి నేను సిద్ధంగా ఉన్నాను. "రేకు మంచిది గాదు ఉస్తాద్" అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నదట ఎనకటికొకామె" అన్నాడాయన. కోప్పడలేదు. వంగి అతుకును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. "అతుకు మంచిగున్నది. గదే పరేషాను. మీ ఇంట్ల మగ్గమున్నది గద?"

"ఉన్నది."

"మగ్గం మీద నడుమ నడుమ ఇడిచిపెట్టి నేస్తరా?"

"ఎట్ల ఇడుస్తం? ఇడిస్తే బట్ట ఖరాబైతది."

"గదే మరి. బట్టను ఇడిస్తే ఖరాబు, ఇనుమును ఇడువకుంటే ఖరాబు. ఒక్క దిక్కుకెల్లి కాల్చుకుంట పోతే వేడంతా ఒక్క దిక్కే గుంజుతది. జానెడు ఈడ కొట్టు. జానెడు గా మూలకు కొట్టు. సల్లారనియ్యి. అప్పుడు నడుమకు రా. సమజైందా బేటా?"

సమజైంది. చేతికే సమజు కాలేదు. మా ఇంట్లో ఈ అంచున మొదలుపెడితే ఆ అంచుకు చేరేదాకా ఆగరు. మధ్యలో సందు వదిలితే సిగ్గుచేటు. పుట్టినప్పటి నుంచి చూసిన పని అది. జానెడు కొట్టి ఆపినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే పక్కకు పోబోయేది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఆపుకునేవాణ్ని. అన్నకు అది నవ్వులాట. "ఇడువు తమ్మీ, ఇడువు, అదేం పారిపోదు" అనేవాడు. నాకు ఇంట్లోని గుంట గుర్తొచ్చేది. పలకలు తీసి నాయిన నా కోసం ఎదురు చూస్తున్నట్టే ఉండేది. భయమేసేది. చెప్పుకోవడానికి నామోషీ కానీ, నిజంగానే భయమేసేది.

చెయ్యి దారికి వచ్చాక నాకు ఇంకో సంగతి దొరికింది. జానెడు జానెడు కొడితే ముక్కకూ ముక్కకూ మధ్య కలిసే చోట్లు ఎక్కువవుతాయి. నీళ్లు కారేది అక్కడే. అన్న పాత ముక్క ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడి నుంచే కొత్తది మొదలుపెట్టేవాడు. నాకది నచ్చలేదు. తెగిన పోగును కొసకు కొస తాకిస్తే నిలుస్తుందా? ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి, వేళ్ల మధ్య నలిపి కలపాలి. నేను అలాగే చేశాను. పాత ముక్క కొసను కొంచెం పల్చగా అరగదీసి, రెండు వేళ్లంత వెనక్కి పోయి దాని మీద మంట అందుకుని, కరిగించుకుంటూ ముందుకొచ్చాను. ఎక్కడ కలిసిందో నాకే కనబడలేదు.

ఉస్తాద్ ఒక రోజు దాన్ని చూశాడు. "గిది ఎవలు నేర్పిన్రు?"

"మా నాయిన."

"మీ నాయిన వెల్డింగ్ జేస్తడా?"

"పోగులు అతుకుతడు."

ఆయన గడ్డం నిమురుకుని వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత చూస్తే అన్న కూడా వెనక్కి పోయి మొదలుపెడుతున్నాడు. నేను చూడనట్టు నటించాను. లోపల మాత్రం పండగంత సంబరం.

ఆ తర్వాతి ఏడాది ఎండలు ముందే ముదిరాయి. బావులు అడుగంటాయి. కొండపాక దిక్కు ఊరి నుంచి ఒక రైతు నీళ్ల ట్యాంకు కావాలని వచ్చాడు. హైదరాబాద్‌లో గుండ్రంగా వంచి తెప్పించిన రేకులు దిగాయి. రెండో ఉగాది దగ్గర పడింది. నేను అడగలేదు. ఉస్తాదే అన్నాడు: "ట్యాంకు నువ్వు కొట్టు. నేను ముట్ట, గాడు ముట్టడు. మీ నాయినకు కబురు వెట్టు, వచ్చి సూస్తడు."

ఆ పని చేసిన రోజుల్లో నాకు ఆకలి గుర్తు లేదు, తిట్టడం గుర్తు లేదు. జానెడు ఈడ, జానెడు ఆడ. కరెంటు సన్నబడితే ఆగాను. గట్టిపడ్డాక కొట్టాను. ఎండలో రేకు కాలిపోయి మోకాళ్లు బొబ్బలెక్కాయి. రేకు మాత్రం ఎక్కడా ఉబ్బలేదు. అంగడికి వచ్చిన మా వాడకట్టు మనిషితో నాయినకు కబురు పంపాను.

ట్యాంకు పరీక్ష ఎలాగో చెప్పాలి. బయటి వైపు అతుకు పొడుగునా సున్నం పూసి ఆరనివ్వాలి. లోపలి వైపు అతుకు మీద గ్యాసునూనె, అదే కిరోసిన్, పూయాలి. గ్యాసునూనె నీళ్ల కంటే గడుసుది, సూది మొన దూరని చోటు కూడా దూరుతుంది. అతుకులో ఎక్కడ లోపమున్నా బయట తెల్లటి సున్నం మీద నల్లగా మచ్చ పడుతుంది. సున్నం అతికినవాడే పూయాలి, గ్యాసునూనె వేరేవాడు పూయాలి. మచ్చ పడితే ఎవరూ ఏమీ అనరు. ఉస్తాద్ ఉలి, సుత్తె తెచ్చి చేతికిస్తాడు. తన అతుకును తానే పగలగొట్టుకోవాలి. అన్న తన మొదటి ట్యాంకును అలా పగలగొట్టుకున్నవాడే. మేకు కోసం ఇంకో ఏడాది ఆగాడట. నాకు ఇంకో ఏడాది లేదు, ఉగాది వాకిట్లో ఉంది.

పొద్దున్నే సున్నం పూశాను. మధ్యాహ్నానికి తెల్లగా ఎండింది. ఉస్తాద్ నమాజుకు వెళ్లాడు. అన్న పైనున్న మూత లోంచి ట్యాంకులోకి దిగాడు. నేను ట్యాంకు మీద బోర్లా పడుకుని గ్యాసునూనె డబ్బా లోపలికి అందిస్తున్నాను. "నీ ట్యాంకు నీళ్లకు గాదు తమ్మీ, శనిగ గుడాలు ఉడకబెట్టనీకి మంచిగుంటది" అని లోపలి నుంచి అన్న తిట్లు బుంగలోంచి వచ్చినట్టు వినబడుతున్నాయి. మేము దిగి వచ్చేసరికి నాయిన షెడ్డు నీడలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. భుజం మీద మడత విప్పని కొత్త తువ్వాల. ఉస్తాద్ వచ్చాడు, చాయ్ తెప్పించాడు. తాగాం. కాసేపటికి ఆయన లేచి ట్యాంకు చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. వెనక మేము.

రోడ్డు వైపు అంతా తెల్లగా ఉంది. వెనక గుండ్రటి రేకు తెల్లగా ఉంది. షెడ్డు వైపుకు తిరిగాం. ఉస్తాద్ ఆగిపోయాడు.

అడ్డంగా పోయే అతుకు మీద, ఛాతీ ఎత్తున, మచ్చలు. ఒకటి కాదు, వరసగా, మూరెడు పొడుగునా.

ఉస్తాద్ లోపలికి వెళ్లి ఉలి, సుత్తె తెచ్చి నా చేతికిచ్చాడు. ఆయన ముఖంలో కోపం లేదు. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది. నాకు కోపం నషాళానికి అంటింది. ఎవరి మీదని అడిగితే ఏం చెప్పను? ఇనుము మీద, కరెంటు మీద, ఉగాది మీద, నా చేతి మీద. ఎక్కడ లోపం వచ్చిందో నాకు అర్థం కావడం లేదు. అక్కడ నేను తొందరపడలేదు. ఒట్టేసి చెప్పగలను. కానీ సున్నం నల్లబడ్డాక ఒట్లు ఎవరిక్కావాలి? ఉలి అతుకు మీద ఆనించి సుత్తె ఎత్తాను.

"ఆగు బిడ్డ" అన్నాడు నాయిన.

అందరం తిరిగి చూశాం.

"గది కారుడు గాదు సాబ్. గది నా చెయ్యి. మీరు రాకముందు నేను ముట్టుకున్న."

ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేను కూడా నమ్మలేదు. నన్ను కాపాడటానికి అబద్ధం ఆడుతున్నాడనుకున్నాను. నా పని మీద జాలిపడి అబద్ధం ఆడటం కంటే గుంటలో కూర్చోవడం నయమనిపించింది. అన్న మెల్లగా అన్నాడు: "పెద్దయ్యా, కొడుకు మీద పానం గుంజుతది. గని సున్నానికి గా ముచ్చట తెల్వది గద."

ఉస్తాద్ మాత్రం వంగాడు. మచ్చ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. జరిగి ఇంకో మచ్చ వాసన చూశాడు. లేచి నిలబడ్డాడు.

"గ్యాసునూనె గాదిది. మంచినూనె. ఏం తిన్నవ్ భాయ్?"

నాయిన తల వంచుకున్నాడు. "బస్టాండ్ల మిర్చి బజ్జీలు తిన్న."

"చెయ్యి తుడ్సుకోలే?"

"కాయితానికి తుడ్సుకున్న."

"భుజం మీద గంత పెద్ద తువ్వాల ఉండంగ?"

"అది మీకు తెచ్చిన సాబ్. దానికెట్ల తుడుస్త?"

అన్న నవ్వుతూ కింద కూర్చుండిపోయాడు. ఉస్తాద్ నవ్వలేదు. "తెల్ల సున్నాన్ని ఎందుకు ముట్టినవ్?" అని అడిగాడు.

"అంచెట్లొచ్చిందో సూద్దామని" అన్నాడు నాయిన.

"ఎట్లొచ్చింది మరి?"

నాయిన నా వైపు చూడలేదు. ట్యాంకు వైపు చూస్తూ, కుడిచేతి రెండు వేళ్లను బొటనవేలితో రుద్దుకుంటూ నిలబడ్డాడు.

"కుదిరింది" అన్నాడు.

నా చేతిలో సుత్తె అలాగే ఉండిపోయింది. ఏడుపొచ్చింది. వస్తే రానీ అనుకున్నాను, చెమటతో తడిసిన ముఖంలో ఎవరికి తెలుస్తుంది?

కానీ ఉస్తాద్ ఉస్తాదే. "వాసనతోని పరీక్ష కాదు" అన్నాడు. ఆ మూరెడు సున్నం నా చేత గీకించాడు, మళ్లీ పూయించాడు. అన్నను మళ్లీ ట్యాంకులోకి దింపాడు. నాయిన చేతికి సబ్బు బిళ్ల ఇచ్చి కడిగించి, దూరంగా స్టూలు వేసి కూర్చోబెట్టాడు. "ఈడికెల్లి కదలకు భాయ్, నీ చేతులు నీ ఒళ్లె పెట్టుకో" అన్నాడు. నాయిన బడిపిల్లవాడిలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను కూర్చోలేకపోయాను. ట్యాంకు చుట్టూ తిరిగాను. సున్నం ఆరుతున్నకొద్దీ తెల్లబడింది. తెల్లబడి అలాగే ఉంది. ఎండ వాలి, రోడ్డు మీద దుబ్బాక బస్సు వెళ్లిపోయింది. అప్పటికీ తెల్లగానే ఉంది.

ఉస్తాద్ లోపలికి పోయి వెనక గోడ పలకకు మేకు కొట్టాడు. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు చెవిలో ఉంది. కొత్త హోల్డరు నా చేతికిచ్చి, "పెట్టు, నీ జాగల పెట్టు" అన్నాడు. తగిలించాను. నాయిన దగ్గరికి వచ్చి ఆ మేకును పట్టుకుని అటూ ఇటూ కదిపి చూశాడు. గట్టిగానే ఉంది. ఆయన తెచ్చిన తువ్వాలను ఉస్తాద్ భుజం మీద కప్పాడు. ఉస్తాద్ దాని అంచు మీద రెండు వేళ్లు జరిపి, "కుదిరింది భాయ్" అన్నాడు. ఆయన ఆటపట్టించడమో, మెచ్చుకోవడమో, రెండూనో.

ఉగాది ముందు రోజు ఇంటికి వెళ్లాను. పొద్దున మెలకువ వచ్చేసరికి మగ్గం చప్పుడు లేదు. లేచి చూస్తే నాయిన నా గుంట మీది పలకలు తీసేసి, వాకిట్లో నుంచి గంపతో మట్టి తెచ్చి అందులో పోస్తున్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఏడాది పండుగ పూట పిల్లగాని గుంట పూడుస్తరా ఎవలన్న?" అంది.

నాయిన ఇంకో గంప తెచ్చి పోశాడు. ఆయన తన చేత్తో పేర్చిన రాళ్లు ఒక్కొక్కటిగా మట్టి కింద మునిగిపోయాయి. నాకు సంతోషమో బాధో తెలియలేదు. అప్పటిదాకా ఆ గుంటంటే నాకు భయం. పూడిపోతుంటే మాత్రం దాన్ని అంత శ్రద్ధగా తవ్విన మనిషి చేతులే కనబడ్డాయి.

నిండాక నాయిన చెమట తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"నీ మేకు ఆడున్నది. ఈ జాగ ఇగ నాకియ్యి. నూలు కండెల పెట్టె పెట్టుకుంట."

ఇచ్చాను. ఆయన నీళ్లు చల్లుతుంటే నేను చెప్పులు విడిచి ఆ మట్టిని తొక్కి సాపు చేశాను.